మూడు చక్రాలున్నవన్నీ పరుగు బండ్లు కావు

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. బాబుకి నాలుగున్నర నెలలు, సిజేరియన్ అయింది. కాన్పుకి ముందు వారానికి మూడు రోజులు 5 కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని. మళ్ళీ మొదలుపెట్టాలని ఉంది కానీ పొద్దున్నే బాబుని వదిలి వెళ్ళే వీలు లేదు. మావారి స్నేహితుడు వాళ్ళ పిల్లలకి వాడిన మూడు చక్రాల స్ట్రోలర్ ఇచ్చారు. స్టిక్కర్ మీద 2014 అని ఉంది. ఖాళీ బండి తోస్తూ పరిగెత్తి చూస్తే ముందు చక్రం గిలగిల్లాడింది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ "మెడ నిలవని పసిగుడ్డుని బండిలో వేసుకుని పరుగేంటే" అంటోంది. ఈ బండి వాడచ్చా? కొత్తది కొనాలంటే ఏం చూడాలి? నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. డిసెంబరులో హైదరాబాద్ వెళ్తున్నాం, అక్కడికి తీసుకెళ్ళచ్చా?

సమాధానం: ముందు మీ అమ్మగారి సంగతి తేల్చేద్దాం. ఇంకో నెలన్నర దాకా ఆవిడ మాటే నెగ్గుతుంది. నడకలో బండి ఊగుతుంది, పరుగులో అదురుతుంది. మీరు వేసే ప్రతి అడుగుకీ హ్యాండిల్ మీద చిన్న తోపు పడుతుంది. కాలిబాట పలకల మధ్య గాడి దాటిన ప్రతిసారీ కింద నుంచి కుదుపు వస్తుంది. రెండూ చేరేది బాబు తలకే. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువు, దాన్ని ఆపి పట్టుకునే బలం మెడకి ఇంకా రాదు. పిల్లల డాక్టర్లు సాధారణంగా చెప్పేది కనీసం 6 నెలలు. పరుగు స్ట్రోలర్లు చేసే కంపెనీల్లో థూలే మాన్యువల్ 6 నెలలంటుంది, బాబ్ మాన్యువల్ 8 నెలలంటుంది. మీ బండి మాన్యువల్ ఎంతంటే అంత, అంతకు ముందు వద్దు. బాబు నెలలు నిండకుండా పుట్టి ఉంటే లెక్క పుట్టిన రోజు నుంచి కాదు, డాక్టరిచ్చిన కాన్పు తేదీ నుంచి వేసుకోండి.

నెలల లెక్క ఒక్కటే చాలదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని మెల్లగా పక్కకి వంచితే తల వాలిపోకుండా ఒంటితోపాటు వస్తోందా? దిండు ఆసరాతో కూర్చున్నప్పుడు పది నిమిషాలైనా తల నిలకడగా ఉంటోందా? ఈ రెండూ చూసి, ఆరో నెల చెకప్‌లో "పరుగు బండిలో వేయచ్చా" అని డాక్టర్ని సూటిగా అడగండి.

కారు సీటుని అడాప్టర్ పెట్టి స్ట్రోలర్ మీద బిగించుకునే ఏర్పాటు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. సీటు అంత గట్టిగా కూర్చుంది కదా, పరిగెత్తితే ఏమవుతుంది అనిపిస్తుంది. ఆ అడాప్టర్ నడకకే. దానితో బరువు పైకి చేరి బండి బోల్తా పడడం తేలికవుతుంది. ఈ నెలన్నరా బాబుని బయట తిప్పాలంటే దానితో నడవండి, అంతవరకే.

ఇక గిలగిల్లాడిన చక్రం. మీ ఉత్తరంలో అసలు విషయం అదే. కాస్ట్‌కోలో సామాన్ల బండి తోసినవాళ్ళందరికీ ఈ జబ్బు తెలుసు. నాలుగు చక్రాల్లో ఒకటి ఉన్నట్టుండి పిచ్చెక్కినట్టు అటూ ఇటూ కొట్టుకుంటుంది. నాలుగు వైపులా తిరిగే చక్రానికి ఆ గుణం పుట్టుకతో వస్తుంది. నడక వేగంలో బుద్ధిగా మీరు తిప్పినట్టు తిరుగుతుంది, వేగం కొంత దాటాక తనంతట తనే ఊగడం మొదలుపెడుతుంది. పరుగులో ఉండగా చిన్న గులకరాయి తగిలినా అడ్డం తిరుగుతుంది. మూడు చక్రాల బండికి ముందున్న ఆసరా ఆ ఒక్కటే కాబట్టి బండి అటువైపు ఒరిగిపోతుంది. అందుకే పరుగు స్ట్రోలర్‌లో ముందు చక్రాన్ని నేరుగా నిలబెట్టి లాక్ చేసే చీలో నాబ్బో ఉంటుంది. నడకకి తీసేస్తారు, పరుగుకి వేస్తారు. 1984లో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో పత్రికలో పనిచేసే ఫిల్ బెక్లర్ అనే ఆయన కొడుకుని తీసుకుని పరిగెత్తడం కోసం స్ట్రోలర్‌కి సైకిల్ చక్రాలు తగిలించి మొదటి బేబీ జాగర్ చేశాడు. తిరిగే ముందు చక్రం తర్వాత సూపర్‌మార్కెట్ సౌకర్యం కోసం వచ్చిన చేర్పు. పరుగుకి దానితో పని లేదు.

ఆ రోజు మీ బండి చక్రం లాక్ వేసి ఉందా? వేయకపోతే బండి తప్పేమీ లేదు. లాక్ వేసినా గిలగిల్లాడితే వరుసగా ఇవి చూడండి. మొదట చక్రం ఫోర్కు (చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే చీలిన కడ్డీ) గాడిలో పూర్తిగా లోపలికి కూర్చుందా. తర్వాత గాలి. తర్వాత ఫోర్కు తిరిగే చోట వదులు: బండి ముందు భాగం కాస్త ఎత్తి, చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిపితే టకటకమని ఆడకూడదు. మాన్యువల్ చెప్పినట్టు బిగించినా ఆడుతుంటే లోపల అరిగినట్టు. అసలు లాక్ చేసే ఏర్పాటే లేకపోతే అది పరుగు బండే కాదు, చూపులకి అలా ఉన్న నడక బండి.

2014 అన్నారు కాబట్టి ఇంకో రెండు సంగతులు. అమెరికాలో స్ట్రోలర్లన్నిటికీ తప్పనిసరి ఫెడరల్ ప్రమాణం 2015 సెప్టెంబరు 10 నుంచి తయారైనవాటికి వర్తిస్తుంది, మీది అంతకు ముందుది. రెండోది, అది బాబ్ కంపెనీదైతే ముందు చక్రం క్విక్ రిలీజ్ లివర్‌తో, అంటే పానా లేకుండా చేత్తో మడిచే పిడితో, బిగించే రకమేమో చూడండి. ప్రభుత్వ భద్రతా సంస్థ సీపీఎస్‌సీ 2018 ఫిబ్రవరిలో 2015 సెప్టెంబరుకి ముందు వచ్చిన ఆ రకం బండ్ల మీద, చక్రం ఊడివచ్చి తల్లులకీ పిల్లలకీ దెబ్బలు తగిలాయని చర్య మొదలుపెట్టింది. లివర్ సరిగ్గా బిగించకపోవడం వల్లే అని కంపెనీ వాదించింది. అదే ఏడాది నవంబరులో రాజీ కుదిరింది. లివర్ బదులు పానాతో బిగించే ఇరుసు ఇవ్వడం లాంటి ఏర్పాట్లు చేశారు గానీ వాటి గడువు ఎప్పుడో ముగిసింది. ఏ కంపెనీదైనా సరే, స్టిక్కర్ మీది మోడల్ నంబరు, తయారీ తేదీ పట్టుకుని సీపీఎస్‌సీ సైటులో రీకాల్ (లోపముందని కంపెనీ వెనక్కి పిలవడం) ఉందేమో వెతకడం ఐదు నిమిషాల పని.

ఎవరి వాదన ఎలా ఉన్నా ఈ లివర్ బిగించడం చాలామందికి రాదు. నట్టు తిప్పినట్టు గిర్రున తిప్పి బిగిసిందనుకుంటారు. అది తిప్పేది కాదు, మడిచేది. లివర్ తెరిచి చక్రాన్ని ఫోర్కులో అడుగంటా కూర్చోబెట్టండి. బండి చక్రాల మీద నిలబడి ఉండగానే చేయండి, లేకపోతే చక్రం ఒక పక్కకి వంకరగా కూర్చుంటుంది. రెండో వైపున్న నట్టుని వేళ్ళతో బిగిస్తూ లివర్‌ని మూస్తూ చూడండి. లివర్ ఇరుసుకి సూటిగా, అంటే బండికి అడ్డంగా బయటికి పొడుచుకుని ఉన్నప్పుడు చేతికి బిగువు తెలియడం మొదలవ్వాలి. అక్కడి నుంచి పూర్తిగా మడవడానికి అరచేత్తో గట్టిగా నొక్కాల్సి రావాలి, తీశాక అరచేతిలో లివర్ అచ్చు కనబడాలి. రెండు వేళ్ళతో మూసుకుపోతే వదులు. లివర్ తెరిచి నట్టు పావు చుట్టు బిగించి మళ్ళీ మూయండి. తర్వాత ముందు భాగం ఎత్తి, చక్రం మీద పిడికిలితో రెండు దెబ్బలు వేయండి. కదలకూడదు.

తర్వాతి పరీక్షకి బాబు అక్కర్లేదు, వంటింట్లో ఉన్న 20 పౌండ్ల సోనా మసూరి సంచి చాలు. ఇంచుమించు 9 కిలోలు, ఏడాది పిల్లవాడి బరువు. సంచిని సీట్లో పెట్టి బెల్టులు బిగించండి. ఖాళీ బండితో చేసిన పరీక్ష లెక్కలోకి రాదు, బరువు లేని చక్రం నేలని సరిగ్గా పట్టుకోదు. బండికి కట్టి ఉండే మణికట్టు పట్టీ వేసుకుని, ముందు చక్రం లాక్ చేసి, చదునైన చోట బండిని నడక వేగంలో తోసి, పట్టీ చేతికి ఉండగానే హ్యాండిల్ వదిలి వెంటే నడవండి. 3 మీటర్లు ఇంచుమించు సూటిగా పోవాలి. ఒక పక్కకి లాగితే మొదట వెనక చక్రాలు రెండింటిలో గాలి సమానంగా ఉందో లేదో చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ లాగితే ఫోర్కు దగ్గరున్న, చక్రం దిశ సరిచేసే ట్రాకింగ్ నాబ్‌ని సగం చుట్టు తిప్పి మళ్ళీ తోయండి. లాగడం ఎక్కువైతే తప్పు వైపు తిప్పినట్టు. ఈ పరీక్ష రోడ్డు మీద మాత్రం చేయకండి. వాన నీళ్ళు పోవడానికి రోడ్లని అంచులకి వాలుగా పోస్తారు, మంచి బండి కూడా అటే పోతుంది. ఖాళీ టెన్నిస్ కోర్టు అయితే మంచిది, అక్కడ కూడా రెండు దిక్కులా తోసి చూడాలి.

గాలి ఎంత పట్టాలో టైరు పక్కనే అచ్చు ఉంటుంది. చాలా పరుగు స్ట్రోలర్లకి 30 పీఎస్‌ఐ మించకూడదు. వాల్వు మామూలు కారు రకమే కాబట్టి సైకిల్ పంపు సరిపోతుంది. గ్యాస్ స్టేషన్ గొట్టం మాత్రం పెట్టకండి, అంత చిన్న ట్యూబు రెండు సెకన్లలో నిండి పేలుతుంది. మీ వైపు కాలిబాటల అంచున దొరికే గోట్‌హెడ్ ముళ్ళు మన పల్లేరుకాయలే, పేరే వేరు. ఒకటి దిగితే బాబుని ఎత్తుకుని బండి ఈడ్చుకుంటూ ఇంటికి రావాల్సిందే. ట్యూబుల్లో సైకిల్ షాపులో దొరికే సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) ముందే పోయించుకోండి. గాలి అక్కర్లేని ఫోమ్ టైర్లు ఆ బాధ తప్పిస్తాయి, కానీ కుదుపంతా బాబుకే చేరవేస్తాయి. పరుగుకి గాలి టైరే.

కాబట్టి పాత బండి మీద తీర్పు: లాక్ ఉండి, రీకాల్ లేక, పై పరీక్షలన్నీ నెగ్గి, ఐదు పట్టీల బెల్టులో నేత ఎక్కడా చిరగకుండా, బకిల్ టక్కున పడుతుంటే వాడచ్చు. ఒక్కటి తప్పినా నడకకి ఉంచుకోండి. బేరమాడి ఒప్పించాల్సిన చోటు కాదిది.

కొత్తది కొనాలంటే మీ విషయంలో మొదట చూడాల్సింది హ్యాండిల్. 5 అడుగుల 1 అంగుళం మనిషికి హ్యాండిల్ బొడ్డు మట్టానికో కాస్త కిందికో రావాలి, మోచెయ్యి లంబకోణంలో మడవాలి. ఛాతీ దాకా వస్తే భుజాలు బిగబట్టి పరిగెత్తుతారు, రెండు మైళ్ళకే మెడ పట్టేస్తుంది. అందుకని ఎత్తు మార్చుకునే హ్యాండిల్ మీకు సోకు కాదు, అవసరం. దుకాణంలో ఊరికే నడిపి చూస్తే చాలదు, పది అడుగులు నిజంగా పరిగెత్తండి. మోకాలి కింది ఎముక వెనక ఇరుసుకి కొట్టుకుంటే ఆ బండి మీది కాదు.

చక్రాలు ముందు 12 అంగుళాలు, వెనక 16 అంగుళాలు మామూలు కొలత. ముందు చక్రం పూర్తిగా స్థిరంగా ఉండే రకాలు కూడా ఉన్నాయి. అవి సూటిగా బాణంలా పోతాయి కానీ ప్రతి మలుపులో హ్యాండిల్ నొక్కి ముందు భాగం ఎత్తి తిప్పాలి. పందేలకి వెళ్ళేవాళ్ళకి తప్ప వద్దు. కాలి బ్రేకు ఆగిన బండిని ఆపి ఉంచడానికి, పోతున్నదాన్ని నెమ్మదింపజేయడానికి కాదు. పల్లంలో చేతి బ్రేకు కావాలి. ఫ్రిస్కో చదునుగా ఉంటుంది కాబట్టి మీకు అది లేకపోయినా నడుస్తుంది. ఆస్టిన్ కొండల వైపు ఉండే పాఠకులు మాత్రం లేనిది కొనకండి.

పేర్లు అడుగుతారు కాబట్టి: థూలే అర్బన్ గ్లైడ్ 2కి చేతి బ్రేకు ఉంది, హ్యాండిల్ ఎత్తు మారుతుంది, తోయడానికి తేలిక, ధర మాత్రం ఘాటు. బాబ్ రెవల్యూషన్ ఫ్లెక్స్‌కి కూడా హ్యాండిల్ మారుతుంది, గతుకుల దారిలో మెత్తగా పోతుంది, కారు డిక్కీలోకి ఎత్తేటప్పుడు నడుం గుర్తొస్తుంది. చవకలో దొరికేది బేబీ ట్రెండ్ ఎక్స్‌పెడిషన్. గాలి టైర్లు, ముందు చక్రానికి లాక్ ఉన్నాయి, వారానికి ఒకసారి నున్నటి దారిలో మెల్లగా పరిగెత్తేవాళ్ళకి డబ్బుకి తగ్గ బండే. కానీ దాని హ్యాండిల్ ఎత్తు మారదు, మీ ఎత్తుకి అక్కడే చిక్కు. వారానికి మూడు రోజులంటున్నారు కాబట్టి మొదటి రెండింటిలో ఒకటి, 2015 తర్వాతది, సెకండ్ హ్యాండ్‌లో చూడండి. డబ్బు సగానికి సగం మిగులుతుంది. కొనే ముందు మీ డిక్కీ కొలత తీసుకోండి. మడిచినా ఈ బండ్లు పెద్దవే, చిన్న కారులో వెనక చక్రాలు ఊడదీస్తే గానీ పట్టవు.

ఇండియాలో ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి ఒక మాట. పేరులో జాగర్ అని ఉన్నా ప్లాస్టిక్ చక్రాల బండ్లు చాలా వస్తాయి. యూరప్ ప్రమాణానికి చేసిన మామూలు స్ట్రోలర్ల మీద "పరుగుకి, స్కేటింగ్‌కి పనికిరాదు" అని హెచ్చరిక రాసి ఉంటుంది. పెట్టె మీద ఆ వాక్యం ఉందేమో చదవండి.

బాబు సంగతి అయింది, ఇక మీ ఒళ్ళు. 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు రాసిన మార్గదర్శకాల ప్రకారం కాన్పయ్యాక కనీసం 3 నెలల దాకా పరుగు వద్దు, 3 నుంచి 6 నెలల మధ్య ఒళ్ళు సహకరిస్తేనే మెల్లగా మొదలుపెట్టాలి. మీకు గడువు దాటింది, ఇక చూడాల్సింది ఒంటి సహకారమే. ఆగకుండా 30 నిమిషాలు నడవడం, ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడడం, ఉన్నచోటే నిమిషంపాటు జాగింగ్, ఒక్కో కాలి మీద 10 గెంతులు. వీటిలో దేనికైనా కుట్టు దగ్గర నొప్పి, మూత్రం చుక్క పడడం, కింద ఏదో జారుతున్నట్టు బరువు అనిపిస్తే ఆపి, పెల్విక్ ఫ్లోర్ (పొత్తికడుపు అడుగు కండరాలు) చూసే ఫిజియో దగ్గరికి వెళ్ళండి. కాన్పు తర్వాత ఇవి మామూలే అని సర్దుకుపోవడం మన ఇళ్ళల్లో అలవాటు. సర్దుకోకండి. ఈ నెలన్నరలో అమ్మగారు ఇంట్లో ఉండగానే, బాబుని ఆవిడకి అప్పజెప్పి బండి లేకుండా ఒంటరిగా పరిగెత్తడం మొదలుపెట్టండి. బండి తోసే భారం ఆ తర్వాత చేరాలి.

బాబుతో మొదటి పరుగు 15 నిమిషాలు మించకుండా, నిమిషం పరుగు రెండు నిమిషాల నడక చొప్పున చేయండి. పాలు పట్టి కనీసం అరగంట అయ్యాక బయల్దేరండి, లేకపోతే కుదుపుకి కక్కుతాడు. భుజం పట్టీ బాబు భుజం మట్టానికో కాస్త పైనో ఉండాలి, బిగించాక పట్టీని వేళ్ళతో గిల్లితే మడత రాకూడదు. సీటు కొంచెం వెనక్కి వాల్చండి, నిటారుగా ఉంటే తల ముందుకి వాలుతుంది. మణికట్టు పట్టీ వేసుకోకుండా ఒక్క అడుగు కూడా వద్దు. రెండు చేతులతో బండి పట్టుకుని వంగి తోయడం అందరూ చేసే పొరపాటు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, రెండోది మామూలుగా ఊగాలి, రెండు మూడు నిమిషాలకోసారి చేతులు మార్చాలి, పల్లంలో మాత్రం రెండూ. బండితో వేగం తగ్గుతుంది, అందుకని గడియారం చూసుకుని బాధపడకండి. డైపర్ బ్యాగు హ్యాండిల్‌కి తగిలించకండి. బాబుని తీయగానే బండి వెనక్కి పడిపోతుంది, దాని చోటు కింది బుట్టలో.

టెక్సస్ ఎండకి చున్నీ కప్పడం మాత్రం దయచేసి మానుకోండి. పల్చటి బట్ట కప్పినా లోపల గాలి ఆడక బండి వేడెక్కిపోతుంది. బండికున్న గొడుగు చాలు, దానికి వెనక జాలీ కిటికీ ఉంటే తెరవండి. వేసవిలో పొద్దున 7 గంటలలోపే తిరిగి వచ్చేయండి. చేతులు, కాళ్ళు తాకి చూస్తే వేడి తెలియదు, మెడ వెనక వేలు పెట్టి చూడండి. చలికాలం దీనికి తలకిందులు: మీరు పరిగెత్తి చెమట కక్కుతుంటారు, వాడు కదలకుండా ఎదురుగాలికి కూర్చుంటాడు. మీకంటే ఒక పొర ఎక్కువే వేయండి, దుప్పటి అంచులు మాత్రం చక్రాలకి అందకుండా దోపండి.

డిసెంబరు ప్రయాణానికి ఈ బండి వద్దు. కొన్ని విమాన సంస్థలు పరుగు స్ట్రోలర్లని గేటు దగ్గర తీసుకోవు, లగేజీలో వేయాల్సిందే. వేశాక ఫోర్కు వంగి వచ్చినా మీకు వెంటనే తెలియదు. హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల మీద మోకాలెత్తు గట్లు, మధ్యలో కరెంటు స్తంభాలు, ఎదురొచ్చే బైకులు. మడిచి చంకలో పెట్టుకునే చిన్న స్ట్రోలర్ తీసుకెళ్ళండి. పొద్దున్నే బాబుని ఎత్తుకునే చేతులు అక్కడ ఎన్నో ఉంటాయి, మీ పరుగు మీరు పరిగెత్తండి.

పాత బండి పరీక్షల్లో తప్పి, నడకకి కూడా వద్దనుకుంటే ఇంకొకరికి ఇవ్వకండి. చెత్తలో పెట్టే ముందు కత్తెరతో బెల్టులన్నీ కోసేయండి. లేకపోతే ఆ సాయంత్రానికే ఎవరో చూసి, బాగానే ఉంది కదా అని ఇంటికి తోసుకెళ్తారు.